విరగాల్సిన ముక్క

పోయిన వారం మనం బుల్లయ్యను మిరప కల్లం మధ్యలో, చేతిలో రిమోటుతో, నోరు తెరిచి నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు. గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు. ముందు ఆయన నోరు మూయించి, తర్వాత కథలోకి పోదాం.

వినుకొండ పక్కన ఉన్న ఆ ఊరి మిరపకాయ సంగతి మీకు తెలుసు. కాయ కల్లంలో ఎండే రోజుల్లో అటుగా పోయే బస్సులో కండక్టరు ఊరి పేరు చెప్పడు. చెప్పే పనిలేదు. బస్సంతా ఒక్కసారి తుమ్మితే ఊరొచ్చినట్టు. అలాంటి కాయ గోతాలకెక్కి గుంటూరు యార్డుకి వెళ్ళిపోయాక కల్లాలు ఖాళీ అవుతాయి. అప్పుడు ఆదివారం సాయంత్రం, ఎండ కాస్త చల్లబడగానే, అక్కడ రాకాసి బండ్ల పందెం జరుగుతుంది. రాకాసి బండంటే భయపడకండి. మోచెయ్యంత పొడుగు ఆటబండి, దాని ఒంటికి నప్పని పెద్ద పెద్ద చక్రాలు, నడపడానికి చేతిలో రిమోటు. ఇంగ్లీషులో మాన్‌స్టర్ ట్రక్కు అంటారు. ఊళ్ళోవాళ్ళకి అంత తీరిక లేదు కనక రాకాసి బండి అన్నారు.

ఆ పిచ్చి ఊరికి అంటించింది బుల్లయ్య కూతురు హారికే. గుంటూరులో ఇంజనీరింగు చదివేటప్పుడు తానే ఒక ఎర్ర బండి తయారుచేసి తెచ్చింది. ఆ తర్వాత ఏసోబు కొడుకు ఫిలిప్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ కబురు బుల్లయ్యకు ఎరువుల కొట్లో ఎవరో చెప్పగా తెలిసింది. బుల్లయ్యకు కులం కంటే, మతం కంటే, ఆ ఎరువుల కొట్టే ఎక్కువ గుచ్చుకుంది. కూతురు తనకు చెప్పని మాట యూరియా బస్తాల మధ్య విన్నాడు మరి. ఆ రోజు నుంచి కూతురితో మాటల్లేవు. ఏళ్ళ తరబడి తన కల్లానికి కాపలా ఉన్న ఏసోబుతోనూ మాటల్లేవు. కాపలాకి వేరే మనిషిని పెట్టుకున్నాడు.

మాటల్లేవు గానీ, అటక మీద హారిక వదిలేసి వెళ్ళిన ఎర్ర బండిని మాత్రం ఒక రోజు కిందికి దించాడు. తుడిచాడు. నడిపాడు. ఇక వదల్లేదు. ఈ ఏడు పందెంలో పేరు కూడా ఇచ్చి, టీ కొట్టు దగ్గర పదిమంది ముందూ మీసం దువ్వి ఒక మాట అనేశాడు: "నా బండిని ఓడించినవాడు ఎవడైనా సరే, వాడింటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, పీటేసుక్కూచుని అన్నం తింటా!"

జన్మలో ఒకరింట్లో చెయ్యి కడగని మనిషి ఆ మాటన్నాడు. ఆ మాట ఆయన భార్య సుబ్బరావమ్మ ఫోనులోంచి గుంటూరు చేరింది. పోయిన వారం సరిగ్గా చివరి పందెం ముందు, కల్లం గట్టున ఆటో ఆగింది. అందులోంచి నల్ల బండి ఒకటి చంకన పెట్టుకుని హారిక దిగింది. వెనక ఫిలిప్ దిగాడు. బుల్లయ్య నోరు అప్పుడు తెరుచుకుంది.

"ఏం నాన్నా, బాగున్నావా?" అంది హారిక.

బుల్లయ్య నోరు మూసుకున్నాడు. పందేనికి పెద్ద అయిన యలమందయ్య వైపు తిరిగాడు. "ఒరేయ్ యలమందా, ఆ బండి ఎవరిదో కనుక్కోరా."

"నీ కూతురిదిరా."

"కూతురి సంగతి అడగలా. బండి సంగతి అడిగా."

"బండి కూడా నీ కూతురిదేరా," అన్నాడు యలమందయ్య. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూచుని ఒకే పలక పగలగొట్టిన స్నేహితులు. అందుకని యలమందయ్యకు బుల్లయ్యంటే భయం లేదు.

చుట్టూ ఉన్న జనం దగ్గరికి జరిగారు. బండ్ల పందెంలో అసలు పందెం కన్నా ముందు జరిగే ఈ తతంగమే కొందరికి ఇష్టం. ఎడ్లను చూసినట్టు చూస్తారు. చక్రం నొక్కుతారు, ఇరుసు తిప్పుతారు, బోర్లా తిప్పి పొట్ట చూస్తారు. యలమందయ్య ముందు ఎర్ర బండిని ఎత్తబోయాడు. ఎత్తలేక నడుం పట్టుకున్నాడు.

"ఏరా, ఇందులో ఏం పోశావు? సిమెంటా?"

"ఇనుం," అన్నాడు బుల్లయ్య గర్వంగా. "సైకిలు క్యారేజీ కోయించి పట్టీలు వేయించా. చక్రాలకి ట్రాక్టరు ట్యూబు తొడిగా. మొన్న మా గేదె దీన్ని తొక్కింది."

"అయితే?"

"గేదె కుంటుతోంది."

"ఆ గేదెని ఒకసారి ఇటు తోలుకురా, చూద్దాం!" అన్నారెవరో వెనకనుంచి.

"రాదు. బండిని చూస్తే బెదురుతోంది."

జనం నవ్వారు. హారిక కూడా నవ్వింది. ఆ నవ్వు చెవిన పడి బుల్లయ్య గబుక్కున రిమోటు యాంటెన్నా తుడుచుకున్నాడు. అక్కడ తుడవాల్సిందేమీ లేదు.

యలమందయ్య నల్ల బండిని తీసుకున్నాడు. అది చేతిలో బొంత పురుగులా కదిలింది. నొక్కితే కిందికి దిగింది, వదిలితే పైకి లేచింది. పై డొప్ప పల్చగా, గాజులా ఉంది. లోపల ఎముకల్లాగా సన్నటి ప్లాస్టిక్ చేతులు చక్రాలను పట్టుకుని ఉన్నాయి.

"ఇదేంట్రా, జాతరలో ఉయ్యాలలా ఊగుతోంది?" అన్నాడు బుల్లయ్య, యలమందయ్యతోనే.

"ఊగాలి నాన్నా. ఊగకపోతే పడ్డ దెబ్బంతా ఒంటికే తగుల్తది."

"యలమందా, ఆ అమ్మాయికి చెప్పు. దెబ్బకి ఊగేది బండి కాదు. దెబ్బకి కదలకుండా నిలబడేదే బండి."

"హారికా, మీ నాన్న చెబుతున్నాడూ..."

"వినపడింది బాబాయ్. నాన్నతో చెప్పు, పందెంలో చూద్దామని."

సుబ్బరావమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియాలి. ఆవిడకి కాస్త ఎడంగా, ఖాళీ ట్రాలీ చివర, తుండుగుడ్డ మోకాళ్ళ మీద పెట్టుకుని ఏసోబు కూచుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పలకరించలేదు. ఆయనా ఎవరినీ పలకరించలేదు.

కల్లం ఈ కొసన ముగ్గుతో ఒక గీత, ఆ కొసన ఒక గీత. మధ్యలో ఇసక నింపిన మిరప గోతాలు, నల్లరేగడి పెళ్ళలు, చివర్లో పీకి పడేసిన పత్తి కట్టె కుప్ప. అవన్నీ దాటి ముందు గీత దాటినవాళ్ళది గెలుపు. మధ్యలో బండి చెడితే బాగు చేసుకోవచ్చు. గడువు యలమందయ్య చుట్ట. బండి చెడగానే ఆయన చుట్ట వెలిగిస్తాడు. అది అయిపోయేలోగా కదలకపోతే ఓడినట్టు. ఊళ్ళో ఎవరికీ ఈ పద్ధతి మీద అనుమానం లేదు, యలమందయ్య భార్యకు తప్ప.

"కానీండి!" అన్నాడు యలమందయ్య.

ఎర్ర బండి దున్నపోతులా బయల్దేరింది. గోతాలను ఎక్కలేదు, తోసేసింది. పెళ్ళలను దాటలేదు, పిండి చేసింది. నల్ల బండి మొదటి గోతం మీదనుంచి ఎగిరి, గాల్లో ఒక పల్టీ కొట్టి, నడుం విరగ్గొట్టుకుందని అందరూ అనుకునేలోపే చక్రాల మీద పడి, ఒకసారి ఊగి, మళ్ళీ పరుగెత్తింది. సగం కల్లం దాటేసరికి ఎర్ర బండిదే పైచేయి. బుల్లయ్య ఒళ్ళు మర్చిపోయి "హెయ్! హెయ్! అద్దీ!" అంటూ బండి వెనకే నడుస్తున్నాడు.

పత్తి కట్టె కుప్పలో ఎర్ర బండి దూరింది. దూరి, ఆగింది. గట్టి మోడు ఒకటి ముందు చక్రంలో ఇరుక్కుంది. మీరైతే వెనక్కి లాగుతారు. నేనైనా అంతే. బుల్లయ్య మాత్రం రిమోటు మీద బొటనవేలు ఇంకా గట్టిగా నొక్కాడు. బండి గుర్రుమంది. చక్రం తిరగనంది. ఇనప పట్టీ వంగనంది. 'టక్' మని ఒక చప్పుడు వచ్చింది. బండి వెల్లకిలా పడి, జారి, కదలకుండా ఉండిపోయింది.

నల్ల బండి కుప్ప ముందు ఆగింది. ఇంకో నాలుగు బారలు పోతే గీత. హారిక దాన్ని పోనివ్వలేదు. రిమోటు ఫిలిప్ చేతిలో పెట్టి, పరుగున వచ్చి ఎర్ర బండి పక్కన మోకాళ్ళ మీద కూచుంది.

యలమందయ్య చుట్ట వెలిగించాడు.

హారిక డొప్ప తీసి పక్కన పెట్టింది. ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు కడ్డీ మెలిపడి విరిగి ఉంది. దాన్ని పట్టుకున్న ఇనప పట్టీ మాత్రం గీత పడకుండా నిగనిగలాడుతోంది.

"ఇక్కడ నేను పెట్టిన ప్లాస్టిక్ ముక్క ఏది?"

బుల్లయ్య యలమందయ్య కోసం చూశాడు. ఆయన చుట్ట పనిలో ఉన్నాడు. ఇక తప్పలేదు.

"ఊరికే విరుగుతోంది," అన్నాడు నేల చూస్తూ. "తీసేసి ఇనుం వేయించా."

రెండేళ్ళ తర్వాత కూతురితో ఆయన అన్న మొదటి మాట అది.

"విరగడానికే పెట్టా నాన్నా దాన్ని."

"విరగడానికి పెట్టేదేంటే? ఎవరన్నా విరగాలని పెడతారా?"

"మన రోటవేటరుకి షేరు బోల్టు ఎందుకేస్తావు?"

బుల్లయ్య నోరు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి మనం వారం రోజులు ఆగనక్కర్లేదు.

పత్తి చేలు దున్నినవాళ్ళకి ఆ బోల్టు తెలుసు. ట్రాక్టరు వెనక తిరిగే రోటవేటరు కత్తులకి పెద్ద వేరో రాయో తగిలితే, ముందు ఆ మెత్తటి బోల్టు విరుగుతుంది. అది విరిగి గేరుబాక్సుని కాపాడుతుంది. ఒక ఏడు బుల్లయ్య మాటిమాటికీ బోల్టు మార్చలేక, విసుగెత్తి, విరగని ఉక్కు బోల్టు బిగించాడు. మర్నాడే గేరుబాక్సు రెండు చెక్కలయింది. ఊరంతా విత్తనం వేస్తుంటే ఆయన చేను బీడుగా పడి ఉంది. ఆ సాయంత్రం గట్టు మీద కూచుని, పక్కనున్న పిల్లకి ఆ బోల్టు చూపించి చెప్పాడు: 'చూడమ్మా. ఇది విరిగితే మనకి విసుగు. ఇది విరక్కపోతే మనకి సేద్యం లేదు.'

ఆ పిల్ల ఇప్పుడు నోట్లో మరలు పెట్టుకుని, ఇనప పట్టీ విప్పుతోంది.

"నువ్వు చెప్పిందే కదా," అంది మరల మధ్యనుంచి. "కాలేజీలో సారు ఇదే పాఠం వారం చెప్పాడు. నాకు మొదటి రోజే వచ్చేసింది."

బుల్లయ్య మెల్లగా ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు. ఆయన ట్రాక్టరు కింద పడుకుని చెయ్యి చాపితే, అడక్కుండానే కావలసిన స్పానరు ఆ చేతిలో పెట్టే పిల్ల. ఇప్పుడు ఆ పిల్ల తలెత్తకుండా చెయ్యి చాపింది. ఆయన సంచిలో వెతికి సన్న కీ ఒకటి పెట్టాడు.

"ఇది కాదు, దీనికన్నా చిన్నది," అంది. అని, తను ఎవరి చేతిలోంచి తీసుకుందో అప్పుడు చూసుకుంది. బుల్లయ్య ఇంకా చిన్న కీ వెతికి ఇచ్చాడు. యలమందయ్య చుట్ట పీల్చడం మానేసి, ఊరికే వేళ్ళ మధ్య పట్టుకుని, ఆకాశంలో కొంగల్ని చూస్తున్నాడు. పీల్చకపోతే చుట్ట నిదానంగా కాలుతుంది.

"ఇరుసు కడ్డీ ఎక్కడ దొరుకుద్దిప్పుడు?" అన్నాడు బుల్లయ్య.

హారిక ఫిలిప్ వైపు చెయ్యి ఊపింది. అతను నల్ల బండి తెచ్చి ముందు పెట్టాడు. రెండూ ఒకే కొలత బండ్లు. ఆమె క్షణం ఆలోచించకుండా నల్ల బండి ముందు చక్రం ఊడదీసి, దాని కడ్డీ, దాని ప్లాస్టిక్ చెయ్యి తీసి ఎర్ర బండికి బిగించడం మొదలుపెట్టింది.

"అదేంటే? మరి నీ బండి?"

"దాని సంగతి తర్వాత. డొప్ప ఇలా ఇవ్వు."

బుల్లయ్య డొప్ప తీశాడు. దాని మీద ఆయన పులిమిన ట్రాక్టరు ఎనామిలు, జారినప్పుడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ముందు అద్దం ఉండే చోట, కింద దాగిన బొమ్మ బయటపడింది. స్టీరింగు పట్టుకున్న డ్రైవరు. నల్లటి కోర మీసం, ఎత్తిన గడ్డం.

"దీని మీద రంగెందుకు పూశావు?" అంది హారిక.

బుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ మీసాలోణ్ణి చూళ్ళేక."

"ఏ మీసాలోణ్ణి?"

ఆయన ఫిలిప్ వైపు గడ్డం చూపించాడు. ఫిలిప్ తన మూతి తడుముకున్నాడు.

"నాకు మీసం ఎప్పుడుందండీ?"

బుల్లయ్య అతని మొహంలోకి చూశాడు. నున్నగా ఉంది. చిన్నప్పటి నుంచీ తన కల్లంలో తండ్రి వెనక తిరిగిన కుర్రాడే. ఈ రెండేళ్ళలో తన మనసులో మీసం మొలిచి, పెరిగి, కోరలు తిరిగింది తప్ప, అతని మొహాన ఎప్పుడూ లేదు.

"మరి ఈడెవడు?"

సుబ్బరావమ్మ ఇక ఆగలేదు. "ఎవడేంటండీ! మీరే! మన పెళ్ళి ఫొటో దగ్గర పెట్టుకుని గీసింది. అటక మీంచి దించిన రోజే చెబుదామనుకున్నా. అప్పటికే బ్రష్షు పట్టుకుని ఊగిపోతున్నారు. మీ మొహం మీరే పూసుకుంటానంటే నాకేం పోయింది అని ఊరుకున్నా!"

కల్లమంతా గొల్లుమంది. బుల్లయ్య నవ్వలేదు. బొటనవేలి గోరుతో మిగతా పెచ్చులు ఒక్కొక్కటే లేపాడు. కింద బొమ్మకి ఒక్క గీత పడలేదు.

"గీసుకుపోలేదేం?" అన్నాడు గొంతు తగ్గించి.

"గాజులాంటి డొప్ప కదా, రంగు లోపలి వైపు వేస్తాం నాన్నా. పైన ఏం పడ్డా దానికేం కాదు."

బుల్లయ్య తల పంకించాడు. పంకించి, పంకించి, ఆపడం మర్చిపోయాడు. హారికే డొప్ప ఆయన చేతుల్లోంచి తీసుకుని బిగించింది.

యలమందయ్య చుట్ట కింద పడేసి కాలితో నలిపాడు. "ఎర్ర బండి తయారు. నల్ల బండికి మూడే చక్రాలు. బుల్లయ్యా, గీత దాటితే గెలుపు నీది. కానీ!"

బుల్లయ్య రిమోటు అందుకున్నాడు. ఎర్ర బండి కదిలింది. మునుపటిలా గుర్రుమనలేదు. కట్టె మీద ఎక్కి, ఊగి, దిగి, ముగ్గు గీత వైపు సాగింది. అద్దంలో కోర మీసం డ్రైవరు గడ్డం ఎత్తుకుని పోతున్నాడు. గెలిస్తే ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు. ఎవరి పీటా ఎక్కక్కర్లేదు. కూతురు ఆటో ఎక్కి గుంటూరు వెళ్ళిపోతుంది.

గీతకి జానెడు దూరంలో బండి ఆగింది.

"ఏమైందిరా?" అన్నాడు యలమందయ్య.

"బాటరీ అయిపోయింది."

"మరి దీపాలు ధగధగలాడుతున్నాయే?"

"అవి వేరే బాటరీ."

"ఒకటే బాటరీ నాన్నా," అనబోయింది హారిక. ఫిలిప్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆమెకి అర్థమైంది. రిమోటు తీసుకుని తన బండిని కదిలించింది. నల్ల బండి గుంటూరు ఆటోలా మూడు చక్రాల మీద, ఒక పక్క నేలకి రాసుకుంటూ, కుంటుకుంటూ, ఎర్ర బండి పక్కనుంచి వెళ్ళి గీత దాటింది. కల్లం ఈలలతో మారుమోగింది.

బుల్లయ్య భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు. మిరప దుమ్మని చెప్పాడు. కల్లం ఊడ్చి నెల దాటింది.

"మాటంటే మాటే. ఓడాను," అన్నాడు. "పదండి. పీట ఎత్తుగా ఉండాలి, నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. ఇంతకీ ఇవాళ కూరేంటమ్మా?"

హారిక ఏదో చెప్పబోయింది. ఈలోగా ట్రాలీ మీద నుంచి ఏసోబు దిగాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. జనం వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చారు. వచ్చి బుల్లయ్య ఎదురుగా నిలబడ్డాడు.

"బుల్లయ్యగారూ," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బుల్లయ్యకి తేలికగా ఉండేది. "ఓడించినవాళ్ళింట్లో అన్నం తింటానని మీరు టీ కొట్టు దగ్గర పందెం వేసుకున్నారు. గెలవడానికి మా కోడలు గుంటూరు నుంచి వచ్చింది. ఓడడానికి మీరు బండి ఆపుకున్నారు. అంతా బాగానే ఉంది. ఈ ఊళ్ళో వాళ్ళ ఇల్లంటే నా ఇల్లే. నన్నెవరన్నా అడిగారా?"

ఈలలు ఆగిపోయాయి. బుల్లయ్య కూతురి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, యలమందయ్య వైపు చూశాడు. ఈసారి మాట అందించడానికి ఎవరూ మధ్యకి రాలేదు. ఏసోబు ఎదురుగా నిలబడి, జవాబు కోసం చూస్తున్నాడు.